సూర్యుడు మన యింటి దీపమైన చరిత్ర



ఎండకు మన దేశమునందు కొఱత లేదు. ధాన్యము, మిరపకాయలు, వడియములు ఎండబెట్టుటకు మన పెద్దలు దానినే నమ్ముకొనిరి. ఆ యెండయే పంకాను త్రిప్పునని నా బాల్యమున నెవరైన చెప్పియుండినచో నవ్వియుందుము. నేను చదువుకొన్నది కిరసనాయిలు బుడ్డి వెలుతురున. నేడు మా డాబాపై సౌరఫలకములున్నవి. ఈ మార్పు ఎట్లు వచ్చెనో మీకు మనవి చేయుదును.

ఎండను పనిలో పెట్టవలెనను తలంపు రెండు త్రోవల నడచినది. మొదటిది వేడిమి త్రోవ. విలియం ఆడమ్సు అను ఆంగ్లేయుడు బొంబాయి నగరమున అద్దములచే నెండను బాయిలరుపై కూడగట్టి, ఆవిరి పుట్టించి, యంత్రమును నడిపెను. ఎండతో వంటయు చేయించెను. ఉష్ణదేశములందు వంటచెఱకునకు మాఱుగా ఎండ చాలునని 1878వ సంవత్సరమున ఒక గ్రంథమును ప్రకటించెను. కాని యది బొగ్గు ఏలుబడి సాగుచున్న కాలము. ఆ పని వ్యాపింపలేదు.

రెండవది వెలుతురునే విద్యుత్తుగా మార్చు త్రోవ. 1839లో ఫ్రాన్సు దేశమున ఎడ్మండ్ బెకెరెల్ అను పందొమ్మిదేండ్ల యువకుడు ఈ మర్మమును తొలుత గుర్తించెను. 1883లో అమెరికాయందు చార్లెస్ ఫ్రిట్సు సెలీనియముపై పలుచని బంగారుపూత పూసి ఫలకమును చేసెను. దానిపై పడిన వెలుతురు నూఱుపాళ్లలో ఒక్కపాలు మాత్రమే విద్యుత్తయ్యెను. పిమ్మట 1954వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన బెల్ ప్రయోగశాలవారగు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాను ఫలకమును లోకమునకు చూపిరి. అది ఆఱుపాళ్లు ఇచ్చెను. ఇసుకయందున్న పదార్థమే సిలికాను. నేటి ఫలకములు ఇరువదిపాళ్లకు మించి యిచ్చుచున్నవి.

మన దేశమున సాహిబాబాదునందలి సెంట్రల్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1977లో తొలి సౌరఘటమును తయారుచేసెను. 2010లో జాతీయ సౌర ప్రణాళిక వెలువడినది. 2017లో కర్నూలు ప్రాంతమున వేయి మెగావాట్ల సౌరక్షేత్రము నడువసాగెను. 2024లో ఇంటికప్పులపై ఫలకములు పెట్టుకొనువారికి కేంద్రప్రభుత్వము సాయధనమిచ్చు పథకమును ప్రారంభించెను.

ఇక నా యనుభవము. ఒక్క కిలోవాటు ఫలకములు మంచి యెండనాడు ఇంచుమించు నాలుగు యూనిట్లు ఇచ్చును. పగలు మిగిలినది ఊరి లైనులోనికి పోవును. రాత్రి కావలసినది లైనునుండి వచ్చును. మీటరు రెండును లెక్కించును. ఒక వేసవిని గాలివాన వెలిసి, పట్టపగలు ఎండ కాయుచుండగా మా పంకా ఆగినది. ఊరి లైను పోయినదట. నెత్తిపై సూర్యుడుండగా నా యింట నుక్కపోత యేల యని నాకు మిక్కిలి కోపము వచ్చెను. తీగలు సరిచేయవచ్చిన లైనుమానును నిలిపి, “ఏమయ్యా, నా కరెంటును నేనేల వాడుకొనరాదు?” అని యడిగితిని.

అతడు శాంతముగా, “తాతగారూ, నేను స్తంభముపై నుండగా మీ యింటి కరెంటు తీగలోనికి వచ్చినచో నా గతి యేమి?” అనెను.

నాకు మాట రాలేదు. మా ఇన్వర్టరు పెట్టె చెడలేదు. లైను పోయినంతనే తానును ఆగునట్లు దానిని చేసినది ఆ మనుష్యుని ప్రాణము కొఱకే. లైను లేనపుడును వెలుగు కావలసినవారు బ్యాటరీలను, ఇంటిని లైనునుండి వేఱుచేయు సాధనమును పెట్టించుకొనవలెను. తెలిసినవారిచేతనే ఆ పని చేయించవలెను. ఉపాయముతో పెట్టెను మోసగింతుమనువారి మాట వినరాదు.

ఫలకములపై దుమ్మును ఉదయమున, అవి చల్లగానుండగా, నీటితో తుడువుడు. చెట్టునీడ ఒక మూల పడినను మొత్తము రాబడి తగ్గును. అందుచే మేము వేపచెట్టును నఱకక, ఫలకములనే పశువులకొట్టము పైకి మార్చితిమి.

ఎండ మన కప్పుపై పడినంతమాత్రమున మనదొక్కరిది కాదు. తీగ చివర మఱియొక యిల్లు కలదు. నడుమ స్తంభముపై ఒక మనుష్యుడు కలడు. ఆ సంగతి మఱవక ఈ వెలుగును అనుభవింపుడు.