అరిగిన పళ్లపై కాంపోజిట్ ఫిల్లింగుల మన్నిక

పుచ్చిన పంటిలో వేసే ఫిల్లింగ్‌కు చుట్టూ పంటి గోడలే కాపు. అరిగి పొట్టిబారిన పంటిపై కట్టే ఫిల్లింగ్‌కు ఆ ఆసరా ఉండదు. నమిలిన ప్రతిసారీ ఒత్తిడంతా దాని మీదే పడుతుంది. పైగా పంటిని అరగదీసిన కారణాలు, అంటే నిద్రలో పళ్లు నూరడం, పుల్లటి తేన్పులతో పైకొచ్చే జఠరామ్లం, ఆమ్ల గుణమున్న కూల్‌డ్రింకులు, చికిత్స తర్వాత కూడా చాలామందిని వదలవు.

1940లలో వాడిన అక్రిలిక్ ఫిల్లింగులు గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోయి, అంచుల్లో సందులు విడిచేవి. మలుపు 1955లో వచ్చింది. అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనొకోర్ పంటి పైపొర అయిన ఎనామిల్‌ను 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 30 సెకన్లు గరుకు చేస్తే అక్రిలిక్ గట్టిగా అంటుకుంటుందని చూపాడు. 1962లో రఫేల్ బోవెన్ రెజిన్‌కు అతికేలా సిలేన్ అనే రసాయనం పూసిన సిలికా పొడిని కొత్త రెజిన్‌లో కలిపిన పదార్థానికి పేటెంట్ పొందాడు. నేటి కాంపోజిట్లకు మూలం అదే.

తొలి కాంపోజిట్లలోని రేణువులు ముతకవి. చుట్టూ ఉన్న రెజిన్ అరిగిపోగానే అవి ఊడిపోయేవి, దాంతో దవడ పళ్లపై ఫిల్లింగులు త్వరగా పల్లమయ్యేవి. రేణువులను సన్నం చేస్తూ పోగా మెరుపు, అరుగుదలను తట్టుకునే గుణం రెండూ మెరుగుపడ్డాయి. అరిగిన పళ్ల విషయంలో అంతకన్నా పెద్ద అడ్డంకి డెంటిన్. ఎనామిల్ పోయి బయటపడ్డ ఆ తడి పొరకు రెజిన్ సరిగా పట్టదు. 1982లో జపాన్‌లో నాకబయాషి బృందం రెజిన్ డెంటిన్‌లోకి చొచ్చుకుపోయి ఏర్పరిచే మిశ్రమ పొరను వర్ణించాక ఆ చిక్కు సడలడం మొదలైంది.

చోటు దొరకడం మరో సమస్య. పళ్లు నెమ్మదిగా అరిగేకొద్దీ ఎదుటి పళ్లతో తాకిడి నిలిచే ఉంటుంది కనుక, ఫిల్లింగ్ పట్టేంత ఖాళీ మిగలదు. కిరీటం, అంటే పంటిపై తొడిగే తొడుగు, కోసం ఉన్న కాస్త పంటినీ చెక్కడమే అప్పటి దారి. 1975లో నార్వేకు చెందిన డాల్, ముందు పళ్లపై లోహపు పరికరం అమర్చి వెనక పళ్లను తాకకుండా ఉంచితే, కొన్ని నెలల్లో అవి వాటంతట అవే జరిగి మళ్లీ కలుస్తాయని, అలా ముందు పళ్ల దగ్గర చోటు దొరుకుతుందని చూపాడు. తర్వాత బ్రిటన్ వైద్యులు లోహానికి బదులు కాంపోజిట్‌నే నేరుగా ఎత్తుగా కట్టడం మొదలుపెట్టారు. పంటిని చెక్కకుండా నిలబెట్టే ఈ పద్ధతి అరిగిన పళ్ల వైద్యాన్నే మార్చేసింది.

మన్నిక లెక్కలు ఒకే మాట చెప్పవు. 2000లో లండన్ నుంచి వెలువడిన హెమింగ్స్ బృందం అధ్యయనంలో 16 మందికి కట్టిన 104 ఫిల్లింగుల్లో దాదాపు 90 శాతం 30 నెలలకు నిలిచాయి. 2006లో బార్ట్‌లెట్, సుందరం దవడ పళ్లను పరిశీలిస్తే మూడేళ్లలోపే సుమారు సగం విరిగాయి లేదా ఊడిపోయాయి. 26 మంది నోళ్లలో 283 ఫిల్లింగులను పదేళ్ల దాకా గమనించిన 2011 నాటి అధ్యయనంలో, చిన్నాపెద్దా లోపాలన్నీ లెక్కేస్తే సగం ఫిల్లింగులు లోపం లేకుండా నిలిచిన కాలం (మధ్యగతం) 5.8 ఏళ్లు.

ఈ అంకెలు చూసి పదార్థాన్నే తప్పుపట్టడం తొందరపాటు. లోపాల్లో చాలా భాగం అంచు చిట్లడం, రంగు మారడం వంటివి. వాటిని అదే పదార్థంతో సరిచేయవచ్చు. కిరీటం కోసం చెక్కేసిన పన్ను మాత్రం తిరిగి రాదు. 2017లో యూరప్ నిపుణులు వెలువరించిన ఏకాభిప్రాయ ప్రకటన కూడా వీలైనంత వరకు పంటిని చెక్కకుండా, పైన పదార్థాన్ని చేర్చే పద్ధతికే మొగ్గింది.