శ్రోతలే గాయకులైన ఆపెరా

ఆపెరా యనగా ఆద్యంతము పాటగా నడచు నాటకము. అందలి పాత్రలు కోపమును, దుఃఖమును, కడకు పరిహాసమును గూడ పాడియే తెలుపుదురు. యక్షగాన సంప్రదాయము గల మనకు ఈ పద్ధతి వింత కాదు. అయినను దానిని తొలిసారి విను బాలురు ఏ దేశమువారైనను, "వీరు మాటలాడక ఏల పాడుచున్నారు?" అని అడుగుట సహజము. ఈ ప్రశ్నకు ఉపన్యాసముతో సమాధానము చెప్పవచ్చును, పాడించియు చెప్పవచ్చును. రెండవ దారి పట్టిన యొక ఆంగ్ల స్వరకర్త ప్రయత్నమును మనము నేడు స్మరింతము.

ఆ దారికి పూర్వము కలదు. హెన్రీ పర్సెల్ రచించిన 'డైడో అండ్ ఈనియస్' అను ప్రసిద్ధమైన ఆపెరా 17వ శతాబ్దమున లండను చెంతనున్న చెల్సీలో, ఒక బాలికల పాఠశాలయందు ప్రదర్శింపబడెను. మనకు తెలిసినంతలో దాని మొదటి ప్రదర్శనము అదియే. కాని బాలుర కొరకు, బాలురతోనే ఆపెరా నిర్మించి కీర్తి గాంచినవాడు బెంజమిన్ బ్రిటన్ (1913–1976).

ఆయన 1948లో మిత్రులతో గూడి, ఇంగ్లండు తూర్పు తీరమునందలి ఆల్డ్‌బరో అను చిన్న పట్టణమున సంగీతోత్సవమును నెలకొల్పెను. మరుసటి యేడు జూన్ 14న అచ్చటి జూబిలీ హాలులో 'లెట్స్ మేక్ యాన్ ఆపెరా' – అనగా 'రండు, ఆపెరా కట్టుదము' – తొలిసారి ప్రదర్శింపబడెను. రచయిత ఎరిక్ క్రోజియర్. ఇందలి పూర్వభాగము వచన నాటకము. పిల్లలు, పెద్దలు కలిసి ఒక ఆపెరాను సిద్ధపరచుట అందలి విషయము. ఉత్తరభాగము ఆ ఆపెరాయే. దాని పేరు 'ది లిటిల్ స్వీప్'.

కథ 1810 నాటిది. సామ్ అను 8 ఏండ్ల బాలుని, పేదరికముచే తండ్రి, పొగగొట్టములు ఊడ్చువానికి అమ్మివేసెను. ఒక పెద్ద భవనమున గొట్టములో చిక్కుకొన్న ఆ పసివానిని ఆ యింటి పిల్లలు వెలికిలాగి, మసి కడిగి, బొమ్మల బీరువాలో దాచి, తుదకు ప్రయాణపు పెట్టెలో పెట్టి దాటింతురు. కథ కల్పితమే, బాధ కల్పితము కాదు. 21 ఏండ్లు నిండనివారు గొట్టములెక్కరాదని 1840లో చట్టమైనను, అది సరిగా అమలు జరుగలేదు. 1875లో కేంబ్రిడ్జి చెంత జార్జి బ్రూస్టర్ అను బాలుడు అట్టి గొట్టములో చిక్కి మరణించెను. ఆ యేటి కొత్త చట్టముతో గాని ఆ దురాచారము అంతరింపలేదు.

ఇట్టి గంభీర విషయమును బ్రిటన్ బాలురకు తగదని త్రోసిపుచ్చలేదు. బాలపాత్రలను బాలురే పాడవలెను. వాద్యములు నాలుగు తంత్రీవాద్యములు, ఇరువురు కలిసి వాయించు పియానో ఒకటి, తాళవాద్యములు మాత్రమే. అన్నిటికంటె విశేషము, నాలుగు పాటలు సభాసదులవి! తెర లేవక ముందే సంగీత నిర్వాహకుడు వానిని సభవారికి నేర్పును. రాత్రిని వర్ణించు పాటలో సభ నాలుగు వర్గములై, గుడ్లగూబ, కొంగ, గువ్వ, ఫించ్ పిట్టల కూతలను పంచుకొని పాడును. "ఏల పాడుచున్నారు?" అని అడుగవచ్చిన బాలుడు తానే పాడుచుండును! ఇక వానికి వేరు సమాధానమేల?

1958 జూన్ 18న ఆర్‌ఫర్డ్ చర్చిలో ప్రదర్శించిన 'నోయీస్ ఫ్లడ్' నందు ఆయన మరియొక అడుగు వేసెను. జలప్రళయమునందలి జంతువులుగా పిల్లలు బారులు తీరి ఓడలోనికి పోవుదురు. తొలి వానచినుకుల సవ్వడికై త్రాట వ్రేలాడదీసిన పింగాణీ కప్పులను కొట్టుదురు. పాడలేని పిల్లవానికిని అందు పని కలదు.

మన యింటి పిల్లలను రేడియో ముందు కూర్చుండబెట్టి 'నిశ్శబ్దముగా వినుడు' అని శాసించుట సులభము. అంతకు ముందే అందలి ఒక్క వరుసను వారిచే పాడించితిమా, ఆ పాట వచ్చినప్పుడు వారి చెవులు వానియంతట అవియే నిక్కును. సంగీత నాటకమునకు ద్వారము అదియే.