అద్దం తీసేశారు!

కెమేరాలో అద్దమేమిటి అంటారా? ఉండేదండీ, కొన్నిటిలో ఇప్పటికీ ఉంది. లెన్సు చూసినదాన్నే ఫోటోగ్రాఫరు కంటికీ చూపించడం దాని పని. తీరా మీట నొక్కగానే ఫిల్ముకి అడ్డులేకుండా పైకి లేవాలి. లేచిందా, కంటిముందు చీకటి! అంటే తలంబ్రాలు దోసిలి జారిన క్షణాన్ని కెమేరా చూసింది గానీ, ఫోటో తీసినాయన చూడలేదన్నమాట.

మొదట్లో మరీ అన్యాయం. 1936లో జర్మనీలో వచ్చిన కినే ఎగ్జాక్టాలో, మళ్ళీ ఫిల్ము తిప్పేదాకా అద్దం దిగేదే కాదు. 1954లో జపాన్‌వాళ్ళ అసాహిఫ్లెక్స్ 2బిలో అది దానంతటదే చటుక్కున దిగడంతో చీకటి రెప్పపాటుకి తగ్గింది. అదీ వద్దని కానన్‌వాళ్ళు 1965లో పెల్లిక్స్‌లో అద్దాన్ని కదలకుండా బిగించేశారు. వెలుతురు కొంత ఫిల్ముకి, కొంత కంటికి. అన్నదమ్ముల పంపకంలా ఇద్దరికీ చాల్లేదు!

2008లో పానసోనిక్ జి1 ఆ అద్దాన్నే తీసేసి లోపల బుల్లితెర పెట్టింది. తెరమీద బొమ్మ వెనకబడుతోందని పాతకాపులు పెదవి విరిచారు. 2017లో సోనీ ఎ9 వచ్చింది. సెకనుకి 20 ఫోటోలు తీస్తున్నా కంటిముందు చీకటన్నది లేదు. ఇక పాతవి అమ్మి కొత్తవి కొనుక్కోవడం మొదలు.

కోరికలకి అంతెక్కడ? చప్పుడు లేకుండా తీస్తే తిరిగే ఫాను రెక్కలు వంకరపోతున్నాయన్నారు. బొమ్మనంతా ఒక్కసారే పట్టే ఎ9 మూడోరకాన్ని సోనీ 2023లో ప్రకటించింది. ఇప్పుడు గొడవంతా బ్యాటరీ గురించే. అద్దంలో చూడ్డానికి కరెంటక్కర్లేదు. తెరకి క్షణక్షణం కావాలి. అందుకే పెళ్ళికొచ్చిన ఫోటోగ్రాఫరు, పెళ్ళికూతురు ఎక్కడని అడిగేముందు ప్లగ్గు ఎక్కడని అడుగుతున్నాడు.