రోగి గుర్తింపులో బార్‌కోడ్ – చారిత్రక పరిశీలన

రోగం ఏదో తేల్చడానికి వైద్యశాస్త్రం శతాబ్దాల పాటు సాధనాలను సమకూర్చుకుంది. మంచం మీద ఉన్న మనిషి ఎవరో తేల్చడాన్ని మాత్రం చాలాకాలం నర్సు జ్ఞాపకానికి, మంచం నంబరుకు, పేరు పెట్టి పిలిస్తే వచ్చే బదులుకు వదిలివేసింది. రోగి ముంజేతి పట్టీ మీద బార్‌కోడ్ ముద్రించి, దానిని స్కానర్‌తో చదివే పద్ధతి ఈ లోటును పూరించడానికి వచ్చింది. అయితే ఆ పద్ధతి చరిత్రను దగ్గరగా చూస్తే, యంత్రం గుర్తించేది మనిషిని కాదని, మనిషికి కట్టిన పట్టీని మాత్రమేనని స్పష్టమవుతుంది. అది సాధించిన ఫలితాలను, దానికి ఎదురైన చిక్కులను ఈ తేడా వెలుగులోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

జపాన్‌లోని యొకొహామా సిటీ యూనివర్సిటీ ఆసుపత్రిలో 1999 జనవరి 11న జరిగిన ఘటన ఈ లోటు తీవ్రతకు నిదర్శనం. ఆనాడు ఒకరికి గుండెకు, మరొకరికి ఊపిరితిత్తికి శస్త్రచికిత్స జరగవలసి ఉంది. ఇద్దరినీ ఒకే నర్సు ఒకేసారి ఆపరేషన్ విభాగానికి తీసుకువచ్చారు. అప్పగింతలో రోగులు తారుమారయ్యారు. తమది కాని పేరుతో పలకరించినా బదులిచ్చారు. ఊపిరితిత్తి చికిత్సకు సిద్ధం చేసిన రోగి వీపు మీద గుండెజబ్బు మందు పట్టీ కనిపించింది. దానిని ఊడదీశారే కాని, అది అక్కడ ఎందుకున్నదని ఆరా తీయలేదు. శస్త్రచికిత్సలు రెండూ జరిగిపోయాయి. ఆందోళనలోనో, మందుల మత్తులోనో, వినికిడి తగ్గిన వయసులోనో ఉన్న మనిషి ఏ పేరుకైనా తల ఊపగలడు. కనుక “మీరు ఫలానావారేనా?” అని అడగడాన్ని గుర్తింపుగా పరిగణించలేము.

అమెరికాలో పేరు పోలిక వల్ల ఒక రోగికి మరొకరి గుండె పరీక్షను మొదలుపెట్టిన ఉదంతాన్ని చాసిన్, బెకర్ 2002లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో విశ్లేషించారు. అందులో వారు 17 వేర్వేరు పొరపాట్లను గుర్తించారు. వాటిలో ఏ ఒక్కటీ తనంత తానుగా ఆ ప్రమాదాన్ని కలిగించగలిగేది కాదు. 2003 నుండి ఆ దేశపు జాయింట్ కమిషన్ ప్రతి రోగికీ కనీసం రెండు గుర్తింపు ఆధారాలు చూడాలని, గది నంబరును అందులో చేర్చరాదని నిర్దేశించింది. తెలుగు ప్రాంతాల వార్డులను తలచుకుంటే ఈ నియమం కూడా చాలదనిపిస్తుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించుకుపోయాక ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండడం వింతేమీ కాదు. పుట్టినతేదీ తెలియని వృద్ధుల వయసు అందాజుగానే నమోదవుతుంది. అటువంటి చోట పేరు, వయసు కలిసినా మనిషిని వేరుచేసి చూపలేవు.

బార్‌కోడ్ పుట్టింది అంగడి అవసరం కోసం. వుడ్‌లాండ్, సిల్వర్‌లకు దానిపై పేటెంట్ లభించింది 1952లో. సరుకులపై ముద్రించే ప్రామాణిక కోడ్‌ను తొలిసారి దుకాణంలో స్కాన్ చేసింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, ఒక చూయింగ్‌గమ్ పొట్లం మీద. ఆ కోడ్ రోగి మంచం పక్కకు చేరడానికి ఒక నర్సు ఆలోచన కావలసి వచ్చింది. కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన సూ కినిక్, 1992లో అద్దెకారును తిరిగి అప్పగిస్తున్నప్పుడు సంస్థ ఉద్యోగి చేతి స్కానర్‌తో క్షణాల్లో లెక్క ముగించడం గమనించారు. కార్లకు సాధ్యమైనది రోగులకు, మందులకు ఎందుకు సాధ్యం కాదన్నది ఆమె ప్రశ్న. 1994లో విమాన ప్రమాదంలో మరణించిన ఆమె ఆ ఆలోచన పూర్తి విస్తరణను చూడలేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి అది దేశవ్యాప్తంగా మాజీ సైనికుల ఆసుపత్రులకు చేరింది.

పద్ధతి సులభమైనదే. నర్సు మొదట రోగి పట్టీని, తరువాత మందు పొట్లాన్ని స్కాన్ చేస్తారు. వైద్యుని ఆదేశంతో అవి సరిపోలకపోతే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. ఇందుకు ప్రతి మందుకూ చదవదగిన కోడ్ ఉండాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో దానిని నియమంగా చేసింది. భారతదేశంలో 2023 ఆగస్టు 1 నుండి 300 మందుల బ్రాండ్లపై కోడ్ తప్పనిసరి అయినా, దాని లక్ష్యం నకిలీ మందులను పట్టుకోవడం. రెండింటినీ ఒకటిగా భావించరాదు.

ఫలితాల విషయంలో 2010లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడిన పరిశోధన ముఖ్యమైనది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మందు ఇచ్చిన 14,041 సందర్భాలను పరిశోధకులు పరిశీలించారు. వేళ తప్పడాన్ని మినహాయిస్తే, మందు ఇవ్వడంలో పొరపాట్లు 11.5 శాతం నుండి 6.8 శాతానికి తగ్గాయి. తగ్గుదల గణనీయమే. మిగిలిన 6.8 శాతం కూడా అంతే గణనీయం.

ఆ మిగులుకు కారణాలను వెదకడానికి 2008లో కాపెల్ బృందం అమెరికాలోని అయిదు ఆసుపత్రులపై చేసిన అధ్యయనం తోడ్పడుతుంది. నర్సులు పద్ధతిని పక్కదారి పట్టించే 15 తీరులను, వాటికి 31 కారణాలను ఆ బృందం నమోదు చేసింది. పట్టీలు నీటికి నానాయి, నలిగాయి, కొన్నిటిని రోగులు నమిలేశారు. స్కానర్ బ్యాటరీ అయిపోయింది, వైర్‌లెస్ సంకేతం అందలేదు. ఫలితంగా అదనపు పట్టీలు ముద్రించి మందుల బండికో, తలుపు చట్రానికో తగిలించి అక్కడే స్కాన్ చేశారు. అప్పుడు తెరపై అంతా సరిగానే కనిపిస్తుంది. రోగి మాత్రం ఆ లెక్కలో లేడు. దీనిని నర్సుల నిర్లక్ష్యంగా చూడడం అన్యాయం. ఎందరో రోగులకు నిర్ణీత వేళకు మందు అందించవలసినవారికి చదవలేని కోడ్ ఒక అడ్డంకి. ఆ అడ్డంకిని దాటే దారిని వారే కనిపెట్టుకోవలసి వచ్చింది. ఒక నర్సు పరిశీలన నుండి పుట్టిన సాధనాన్ని వార్డులో ప్రవేశపెట్టేటప్పుడు నర్సుల పనిదినాన్ని పరిశీలించకపోవడం ఈ చరిత్రలోని వైరుధ్యం.

పట్టీ రోగి చేతికే ఉన్నా సమస్య పూర్తిగా తీరదు. చేరిక బల్ల దగ్గర ఒకరి వివరాలతో మరొకరికి పట్టీ ముద్రిస్తే, ఆ తరువాతి ప్రతి స్కాన్ ఆ తప్పునే ధ్రువీకరిస్తుంది. రక్తమార్పిడిలో ఇది ప్రాణాంతకం. అందుకే రక్తనమూనా గొట్టంపై అంటించే చీటీని ముందుగా గుత్తగా ముద్రించి ఉంచక, రక్తం తీసిన వెంటనే రోగి పక్కనే, అతని పట్టీని స్కాన్ చేసి ముద్రించే ఏర్పాట్లు వచ్చాయి. అయితే ఆ పట్టీని మొట్టమొదట కట్టేటప్పుడు మాత్రం రోగి నోటనో, వెంట వచ్చినవారి నోటనో పేరు చెప్పించుకుని రాసుకోవలసిందే.