పుట్టిన రోజే టీకా ఎందుకు?

హఫీజ్‌పేట్‌లో మా పొరుగున ఉండే యువ దంపతులు ఇటీవల నన్నడిగారు: “పాపకు మొదటి రోజే హెపటైటిస్‌-బి టీకా అవసరమా, డాక్టరుగారూ?” దీనికి సమాధానం చరిత్రలో ఉన్నది.

1960వ దశకంలో బ్లూంబర్గ్ అనే అమెరికా వైద్యుడు రక్తంలో ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ను గుర్తించారు. అది హెపటైటిస్‌-బి వైరస్ పైపొరలోని ప్రోటీన్ అని తరువాత తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

1980 నాటికి కాలేయ క్యాన్సరు కణాల డి.ఎన్.ఏ.లో ఈ వైరస్ డి.ఎన్.ఏ. అతుక్కొని ఉండటాన్ని శాస్త్రజ్ఞులు చూశారు. రోగుల కణితులలో జన్యువుల పనితీరును పరిశీలించగా, పెద్దల కాలేయంలో నిద్రాణంగా ఉండవలసిన టెలోమరేజ్ జన్యువు తరచుగా మేల్కొని కనిపించింది. అది మేల్కొంటే కణవిభజనకు అంతుండదు.

వైరస్ పైపొర జన్యువునే ఈస్టు కణంలో ప్రవేశపెట్టి టీకా తయారుచేయవచ్చును. కాని దిగుమతి టీకా ధర సామాన్యునికి అందనిది. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు వరప్రసాదరెడ్డిగారు 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో ‘శాన్‌వ్యాక్‌-బి’ని చౌకగా అందించారు.

1984లో శిశువులకు టీకా ప్రారంభించిన తైవాన్‌లో పిల్లల కాలేయ క్యాన్సరు తగ్గింది.

పుట్టుకతో ఈ వైరస్ సోకిన శిశువులలో సుమారు 90 శాతం మందిలో అది దీర్ఘకాలం నిలిచిపోతుంది. పెద్దలలో 5 శాతం లోపే. కనుక మొదటి 24 గంటలను వృథా చేయకండి. ప్రభుత్వాసుపత్రిలో ఈ టీకా ఉచితం.