జీవోటీ ఎప్పుడొస్తది? - నిదానపు పరీక్షల కథ

మొన్న ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి చిన్న ప్యాచ్ పంపాను. పట్టుమని పది లైన్లు లేవు. టెస్టులన్నీ నడవడానికి మూడు గంటలు పట్టింది. తీరా చివర్లో ఎర్ర గుర్తు... అదీ నేను ముట్టుకోని చోట! విసుక్కుంటుంటే ఊరి నుంచి చిన్నాయన ఫోను. సంగతి చెప్పాను. "మూడు గంటలకే గింతనా? మా జీవోటీ ఎన్ని నెలలైతాందో ఎరికేనా?" అన్నాడు. నా నోరు మూతపడింది.

మాది గద్వాల, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ. 2016లో పాత మహబూబ్‌నగర్‌ని విడదీసినప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూలుతో పాటు మాదీ జిల్లా అయింది. గద్వాల అంటే అందరికీ చీరలే గుర్తొస్తాయి గానీ, మా దగ్గర సీడు పత్తి కూడా పెద్ద పంటే. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తి తెచ్చారు. వ్యాపారానికి సాగైన మొదటి పత్తి హైబ్రిడ్ అదే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక హైబ్రిడ్ విత్తనానికి గిరాకీ మరీ పెరిగింది.

ఈ విత్తనం చేతిపని. మధ్యాహ్నం ఆడ మొక్క మొగ్గలో కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అద్దాలి. ఇదే క్రాసింగ్. ఒక్క కేసరం మిగిలినా పువ్వు తనతో తానే కలుస్తుంది, అది హైబ్రిడ్ కాదు. పైకి చూస్తే మాత్రం గింజలన్నీ ఒకటే! మొలక పరీక్ష 12 రోజుల్లో తేలిపోతుంది, 75 శాతం మొలిస్తే పాసు. కానీ జన్యు శుద్ధి తేలాలంటే నమూనా గింజల్ని పొలంలో నాటి, పూత దాకా పెంచి, మొక్క మొక్కనీ చూడాలి. అదే జీవోటీ. ప్రమాణం 90 శాతం. అది వచ్చేదాకా రైతు లెక్క తేలదు, అప్పుకి వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇక మా వైపు కథ. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ సోర్సు బయటపెట్టినప్పుడు మొజిల్లా వాళ్ళకి టిండర్‌బాక్స్ ఉండేది. బిల్డు విరిగితే పేజీ ఎర్రబడేది, బాగుచేసేదాకా కొత్త కోడు ఆపేసేవారు. 2001లో క్రూజ్‌కంట్రోల్ వచ్చింది. బిల్డు పది నిమిషాల్లో అయిపోవాలని కెంట్ బెక్ గారి మాట. టెస్టులు పెరిగితే పది నిమిషాలు ఎక్కడ నిలుస్తాయి! రస్ట్ వాళ్ళు అన్ని టెస్టులూ పాసైన కోడే లోపలికి రావాలని నియమం పెట్టుకున్నారు. ఒక్కోసారి గంటలు పడుతుంది కాబట్టి చిన్న మార్పుల్ని మూటకట్టి ఒకేసారి పరీక్షిస్తారు. ఫైర్‌ఫాక్స్ వాళ్ళది ఇంకో దారి. ప్రతి మార్పుకీ అన్ని టెస్టులూ నడపరు. తర్వాత ఏదైనా ఎర్రబడితే వెనక్కెళ్ళి దొంగని పట్టుకుని, ఆ మార్పుని తీసేస్తారు.

ఈ రెండో దారి విత్తనానికి కుదరదు. కోడుని ఒక్క కమాండుతో వెనక్కి తీయొచ్చు, అమ్మేసిన గింజని తీయలేం. కొన్న రైతుకి ఏడాది పంటే పోతుంది. కాబట్టి జీవోటీ నిదానమని తీసేయమనడం తప్పు. డీఎన్ఏ పరీక్షలతో కొంత తొందరగా తేల్చొచ్చు, అయినా ఎంతో కొంత ఆగక తప్పదు.

మరి ఆ ఆగడం ఖర్చు ఎవరి నెత్తిన? నా ప్యాచ్ ఫెయిలైతే లాగ్ అందరికీ కనిపిస్తుంది. ఏ టెస్టు, ఏ లైను, అన్నీ. అనుమానముంటే మళ్ళీ నడిపించమని అడగొచ్చు. నడిపించారు కూడా, రెండోసారి పచ్చగా వచ్చింది! కోడు మారలేదు, టెస్టే నిలకడ లేనిది. మా రైతుల ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే. ఫెయిల్ అన్న మాటే చెప్తారు, ఎందుకో చూపించరు అని.

నిదానం పరీక్ష లక్షణం, తప్పు కాదు. దాచిపెట్టడమే తప్పు. నమూనా తీసేటప్పుడు రైతు పక్కనుండాలి, సీలు వేసిన రెండో పొట్లం తన దగ్గరుండాలి, జీవోటీ పొలం వెళ్ళి చూసే హక్కుండాలి, మొలక పరీక్ష పాసవగానే కొంత డబ్బు చేతికి రావాలి. ఇదేమీ రాకెట్ సైన్సు కాదు కదా?

చిన్నాయనకి ఇదంతా చెప్తే నవ్వి, "మంచిగుంది గానీ, నీ లాగు మాకెవరు చూపిస్తర్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?