దసరా పాట నడక

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాతే ఖమ్మం జిల్లాలో కలిసింది. అందుకేనేమో మా ఇంట్లో దసరాకి రెండు రకాల పాటలు: అమ్మవి బతుకమ్మ పాటలు, నాయనమ్మది వీధిబడి పిల్లల దసరా పాట.

ఓసారి ఆవిడ పాడుతుంటే గురులఘువులు లెక్కేశాను. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ద్విపద! రంగనాథ రామాయణం నడిచిన ఛందస్సే. రాగమంటూ పెద్దగా లేదు, కాలం పిల్లల అడుగులదే. మూడు గణాలు సాగి, పొట్టి గణం దగ్గర గుమ్మంలో ఆగినట్టు ఆగుతుంది.

వింటే హుషారే. అడిగేది మాత్రం అయ్యవారికి వరహాలు, పిల్లలకి పప్పుబెల్లాలు. నెలజీతం లేని పంతులు పక్కనే నిలబడి, నోరు విప్పి అడగలేనిది పిల్లలు పాడి అడిగారు. ఆయన పరువు కాపాడింది ఆ హుషారే.

నాయనమ్మ మాత్రం చివరి గణం దగ్గర కాస్త నెమ్మదించేది. వాళ్ళ నాన్న అయ్యవారే.